చెఱసాలకు బయటి కన్ను

ఖైదీ బాగోగులు విచారించువారు అతనిని కావలి కాయువారే అయినచో, తన కష్టము చెప్పుకొనుటకు అతనికి వేఱొక దిక్కుండదు. అందుచేతనే జైలు ఉద్యోగి కాని పెద్దమనిషి యొకడు అప్పుడప్పుడు లోనికి పోయి చూడవలెనను నియమము ఏర్పడినది. రెండు దొరతనముల సరిహద్దున బ్రదికిన యానామువారికి ఈ చరిత్రతో రెండు వైపులనుండియు సంబంధము కలదు.

1954 వఱకు మా యూరిపై ఫ్రెంచి జెండా ఎగిరినది. ఆ ఫ్రాన్సు దేశమున 1808 నాటి నేరవిచారణ శాసనము, విచారణ న్యాయాధికారి నెలకొక పర్యాయమైనను చెఱసాలకు పోయి నిర్బంధితులను చూడవలెనని విధించినది. మా చుట్టునున్న గోదావరి మండలము ఇంగ్లీషువారి యేలుబడిలోనిది. వారి 1894 నాటి జైళ్ల చట్టము, సందర్శకుల నియామకమునకు నిబంధనలు చేయు అధికారమిచ్చినది. కాని చట్టములో మాట ఉన్నంతమాత్రమున ఖైదీకి మేలు జరుగదు. ఆ చట్టము పుట్టిన పదునాలుగేండ్లకు, 1908లో, బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలోని వ్రాతకై శిక్షపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని వేలూరు జైలులో సామాన్య నేరస్థులవలెనే కఠినముగా చూచిరి.

స్వతంత్ర భారతమున ఈ నియమమునకు బలము చేకూర్చినది ఒక ఖైదీ వ్రాసిన ఉత్తరము. తీహారు జైలులో తోటి ఖైదీని హింసించిరని అతడు సుప్రీంకోర్టు న్యాయమూర్తికి వ్రాయగా, కోర్టువారు దానినే పిటిషనుగా గ్రహించిరి. 1979 డిసెంబరులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరుగారు తీర్పు చెప్పుచు, జిల్లా మేజిస్ట్రేటులు, సెషన్సు జడ్జీలు జైళ్లను దర్శించవలెననియు, వారి యాజ్ఞపై తెఱచెడి ఫిర్యాదుల పెట్టెలు అచట ఉండవలెననియు ఆదేశించిరి. అయినను 2015లో డి.కె. బసు కేసున, అనధికార సందర్శకులను నియమింపుడని సుప్రీంకోర్టు మరల చెప్పవలసివచ్చినది. మా పూర్వపు దొరలైన ఫ్రెంచివారు 2007లోనే, ఏ చెఱసాలనైనను తనిఖీ చేయగల స్వతంత్ర పర్యవేక్షకుని పదవిని చట్టముచేత నెలకొల్పిరి.

మనబోటి అల్పసంఖ్యాకులకు ఇందు మఱియొక చిక్కు కలదు. యానాము మనిషి పుదుచ్చేరి కాలాపేటలోని కేంద్ర కారాగారమునకు పోయినచో, అతని యిల్లు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నుండును. అచటి వాడుకభాష తమిళము. భార్యాబిడ్డలు మాటిమాటికి వచ్చి చూడలేరు. కడుపునొప్పి యని చెప్పుకొనుటకైనను వినువానికి మాట తెలియవలెను గదా! కావున సందర్శకులలో తెలుగు తెలిసినవారొకరైనను ఉండుట దయాభిక్ష కాదు, అవసరము.

సందర్శకుడు చూచినది పుస్తకమున వ్రాయవలెను. ఆ వ్రాతకు గడువులోపల జవాబు రావలెను. ఏండ్ల తరబడి దస్త్రములు వ్రాసిన మాకు ఒక సంగతి తెలియును: జవాబు అడుగువాడు లేని నోటు బీరువాలోనే నిద్రించును. అందుచేత మన తెలుగు సంఘములు పండుగలతోపాటు ఈ పనియు చేపట్టి, ఓపికయు నిర్భయమును గల వారి పేర్లను సందర్శక పదవికై ప్రభుత్వమువారికి అందజేయవలెనని మా మనవి. నేరము చేసినవాడైనను మనవాడే. శిక్ష న్యాయస్థానము విధించినంతయే గాని, అంతకు మించి ఉండరాదు.