పక్కకు తిప్పే వేళ

గుమ్మం ఎత్తు తక్కువ, తల వంచి లోపలికి రండి. చంద్రగిరి దాటాక స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఊరు, రెండు గదుల మిద్దె. ఇంకా ఐదున్నర కాలేదు. ముందు గదిలో ఉండే నులక మంచాన్ని పెరట్లోకి చేర్చి, దాని చోట ఇనప మంచం వేశారు. కోళ్ళ కింద ఒక్కో ఇటుక పెట్టారు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. గోడకు దేవస్థానం క్యాలెండరు. స్టూలు మీద మందుల డబ్బా, రాగిచెంబు, పళ్ళసెట్టు వేసిన గాజుగ్లాసు.

మంచం మీద ఉన్న పెద్దావిడకు ఎనభైకి అటూ ఇటూ ఉంటాయి. తుంటి విరిగి తిరుపతిలో ఆపరేషనైంది, ఇంటికొచ్చి రెండు వారాలు. కోడలు గోడకానుకుని కూర్చునే కునుకు తీస్తోంది. వాకిట్లో చెప్పుల చప్పుడు వినగానే ఉలిక్కిపడి లేచింది.

వచ్చింది సిస్టరమ్మ. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్‌నర్సుగా చేసి రిటైరై సొంతూరికి వచ్చేసిన మనిషి. ఆమెకూ అరవై దాటాయి, మెట్టెక్కేటప్పుడు మోకాలు పట్టుకునే ఎక్కింది. ఊళ్ళో ఎవరు మంచాన పడ్డా పొద్దున్నే ఒకసారి వచ్చి చూసిపోతుంది. ఎవరి దగ్గరా పైసా తీసుకోదు.

"పాపా, రాత్రి ఎన్నిసార్లు తిప్పినావు?"

"పదకొండుకు ఒకసారి, రెండుకు ఒకసారి అక్కా. ఆ తర్వాత నిద్ర పట్టేసింది."

"పోనీలే, నువ్వూ మనిషివే గదా. రా, పట్టు."

మీరూ ఒక చెయ్యి వెయ్యండి. పెద్దావిడ నడుం కింద నాలుగు మడతలు పెట్టిన పాత నేతచీర ఉంది, భుజాల దగ్గర్నుంచి తొడల దాకా. ఒక అంచు కోడలు పట్టుకుంది, రెండోది సిస్టరమ్మ పట్టుకుంది. మనిషిని లాగరు, చీరతో సహా కొంచెం పైకెత్తి జరుపుతారు. లాగితే పక్క గుడ్డకు రాసుకుని చర్మం లోపల్లోపలే చిరుగుతుంది, పైకి ఏమీ కనపడదు. ఆపరేషనైన కాలు పైకి వచ్చేలా పక్కకు తిప్పి, రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టారు. ఆ కాలు ఈ కాలి మీదికి దాటి పోకూడదు, దాటితే కొత్తగా వేసిన బంతి గిన్నెలోంచి జారుతుంది.

"అమ్మా... సామీ..." అని మూలిగింది పెద్దావిడ.

"అయిపోయింది పెద్దమ్మా. వీపు చూస్తా ఉండా, అంతే."

సిస్టరమ్మ చూసేది వీపు కాదు, దానికింద ముడ్డిపూస దగ్గరి చర్మం. అరచేయి మందాన అక్కడ రంగు మారింది. బొటనవేలితో నొక్కి వదిలింది. తెల్లబడి మళ్ళీ రంగు తిరిగితే రక్తం ఆడుతున్నట్టు. నొక్కినా అట్టే ఉండిపోతే పుండు లోపల మొదలైనట్టు. ఆసుపత్రి పుస్తకాల్లో 'ఎరుపు' అని రాస్తారుగానీ, మన చామనచాయ ఒంటి మీద ఎరుపు ఎక్కడ కనపడుతుంది? అందుకే చేతివెనక వైపు ఆనించి చూస్తుంది, పక్క చర్మం కంటే వెచ్చగా ఉందా, గట్టిపడిందా అని. కోడలి చెయ్యి కూడా తీసుకుని అక్కడ ఆనించింది.

"తెలస్తా ఉండాదా?"

"కొంచెం కాలతా ఉండాది అక్కా."

"అందుకే రెండుగంటలకొకసారి తిప్పమనేది. పౌడరు కొట్టొద్దు, స్పిరిట్ పుయ్యొద్దు, రుద్దొద్దు. మడమలు పక్కకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టు."

మంచం కింద సైకిలు ట్యూబులాంటి గాలి చక్రం ఒకటి ఉంది. పక్కింటివాళ్ళు ఎంతో ప్రేమగా తెచ్చిచ్చారు. సిస్టరమ్మ దాన్ని కాలితో ఇంకా లోపలికి తోసింది. చుట్టూ ఒత్తి మధ్యలో రక్తం ఆడకుండా చేసేది అదేనట.

ఇక ఈమె ఎలా పడిందో వినండి. రాత్రి మూడు గంటలప్పుడు ఒంటేలుకు లేచింది. లైటు వెయ్యలేదు, పిల్లల నిద్ర చెడుతుందని. నాలుగడుగులు వేసేసరికి కళ్ళు తిరిగి, బచ్చలి గట్టు మీద పడింది. కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగిపోయింది. ఆ రెండూ చూస్తే చాలు, తుంటి పోయిందని సిస్టరమ్మకు ఎక్స్-రే లేకుండానే తెలిసిపోయింది. కొడుకు మాత్రం తెల్లారేసరికి కారు మాట్లాడాడు, పుత్తూరు పోదామని.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎముక విరిగిందంటే మొదట నోట్లోకి వచ్చే మాట పుత్తూరు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, పైన గుడ్డకట్టు. రాజుల కుటుంబం తరాలుగా కడుతున్న ఆ కట్టు కోసం తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ జనం బండ్లు కట్టుకుని వస్తారు. చెట్టెక్కి చెయ్యి విరగ్గొట్టుకున్న పిల్లాడి సంగతి వేరు. ముసలితనంలో తొడ ఎముక మెడ దగ్గర విరిగితే, దాని తలకాయకు రక్తం తీసుకుపోయే సన్న నాళాలు కూడా తెగిపోతాయి. ఎంత గట్టిగా కట్టినా అది అతకదు, అతికేదాకా అని మంచంలో ఉంచితే ఈలోగా ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, వీపు పుండవుతుంది. ఒంట్లో వేరే అడ్డంకులు లేకపోతే 48 గంటల్లోపు ఆపరేషన్ చేసి, మర్నాడే లేపి కూర్చోబెట్టాలని ఎముకల డాక్టర్లు అంటారు. ఆపరేషనైనా సరే, తుంటి విరిగిన పెద్దవాళ్ళలో ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే పోతున్నారని చాలా దేశాల లెక్కలు. ఎముక విరిగి కాదు, మంచాన పడి.

ఈ మాటలన్నీ వాకిట్లో కారు ఇంజను ఆపకుండానే నడిచాయి. తిరుపతిలో 1985 నుంచి దేవస్థానం బర్డ్ ఆసుపత్రి ఎముకల పనే చేస్తోంది, రుయా ఉంది, స్విమ్స్ ఉంది, ఇవన్నీ గంట లోపు దూరం. అయినా కొడుకు ఒప్పుకోవడానికి మధ్యాహ్నమైంది. కత్తి అంటే భయం, అంతే. అతన్ని తప్పుపట్టను. వాళ్ళ నాయన ఆసుపత్రికి నడిచి వెళ్ళి, నడిచి రాలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కోడలు ఇప్పటికీ వణుకుతూ చెప్పేది ఆ తర్వాతి రాత్రి సంగతి. నిద్రలేచిన అత్త కోడల్ని గుర్తుపట్టలేదు. చేతికున్న సెలైను పీకేసింది. చచ్చిపోయిన మొగుడితో చెనక్కాయల బేరం గురించి గొడవపడింది. మూల ఎవరో నిలబడి ఉన్నారంది. వార్డులో పక్కమంచం వాళ్ళు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించమన్నారు. డ్యూటీ మీదున్న కుర్ర నర్సు చేసింది చూడండి. తీసి సంచిలో పెట్టిన కళ్ళద్దాలు పెట్టించింది, పళ్ళసెట్టు పెట్టించింది. లైటు వేసి, "మీరు ఆసుపత్రిలో ఉన్నారు, రేపు శుక్రవారం, ఈమె మీ కోడలు" అని నెమ్మదిగా రెండు మూడుసార్లు చెప్పింది. నీళ్ళు తాగించింది. ఒంటేలు ఆగిందేమో, నొప్పి ఉందేమో చూసింది. మూడోరోజుకు మనిషి మామూలైంది. పెద్ద ఆపరేషన్ తర్వాత వయసుమళ్ళినవాళ్ళకు ఈ మతిభ్రమ రావడం చాలా మామూలు, దీన్ని డెలీరియం అంటారు. డిశ్చార్జి కాగితంలో ఆ మాట లేదు. ఇంట్లో వాళ్ళకు ముందుగా ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రాత్రి అంత నరకమయ్యేది కాదు.

ఏడు కావస్తోంది. వాకిట్లో బండి ఆగింది. ఒకటో తేదీ కదా, సచివాలయం అమ్మాయి పింఛను తెచ్చింది. పెద్దావిడ ముఖం విప్పారింది. ఈ ఒక్క ఉదయం ఆమెను చూడటానికి ప్రభుత్వం మంచం దగ్గరికి వస్తుంది. 2014లో వెయ్యి అయిన పింఛను 2024 జూలై నుంచి నాలుగు వేలు. వేలిముద్ర మాత్రం పడటం లేదు. కలుపు తీసి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్ళు అవి. ఒక వేలు, ఇంకో వేలు, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ ఇంకోటి. చివరికి ఫోను ముఖానికి పెడితే ఒప్పుకుంది.

"మంచాన పడినోళ్ళకు పదైదు వేలిస్తారంట గదా మేడమ్?" కోడలు అడిగింది.

"అది పూర్తిగా లేవలేనోళ్ళకు అక్కా. మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కావాల. మీ అత్త నడస్తాదని రాసినారు గదా."

నడుస్తుంది, నిజమే. నడిచేదాకా ఎవరు ఎత్తాలి అన్నదానికే ఏ ఖాతాలోనూ గడి లేదు. ఈ కోడలు రేణిగుంట వైపు ఫ్యాక్టరీ పనికి పోయేది, నెల నుంచి మానుకుంది. నడుం పట్టేసి ఆమెకూ బెల్టు పడింది. కొడుకు బెంగళూరులో డ్రైవరు, వారానికోసారి వస్తాడు. మన ఇళ్ళల్లో ముసలివాళ్ళను చూసుకోవడం అంటే చాలావరకు ఒక ఆడమనిషి జీతం ఆగిపోవడమే. దాన్ని ఎవరూ ఖర్చు కింద రాయరు.

ఇప్పుడు లేపాలి, ఇటుకలు పనికొచ్చే చోటు ఇదే. మంచం ఎత్తుగా ఉంటే తుంటి బాగా మడతపడకుండా కాళ్ళు నేలకానతాయి. సిస్టరమ్మ ఆమెను అంచున కూర్చోబెట్టి అక్కడే ఆపింది. "రెండు నిమిషాలు. కళ్ళు తిరగతా ఉండాయా?" పెద్దావిడ తలూపింది. బీపీ చూస్తే పడుకున్నప్పటి కంటే బాగా పడిపోయింది. సిస్టరమ్మ మొహం మారింది. మందుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని అట్టలన్నీ తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. ఒక అట్ట నీలం, ఒకటి ఎరుపు. కంపెనీలు వేరు, పేర్లు వేరు. అడుగున మందు ఒకటే, రెండింటి మీదా టెల్మిసార్టాన్.

"ఇదెవురు రాసినారు?"

"అది మన ఊరి క్లినిక్కులో. ఇది అంతకుముందు టౌనులో డాక్టరు. రెండూ బీపీవే అని రెండూ వేస్తా ఉండా అక్కా."

"ఎప్పటినుంచి?"

"పండగ నుంచి."

పండగ అయ్యాకే ఆమె పడింది. ఆ మాత్రే పడేసిందని సిస్టరమ్మ అనలేదు. చీకటి, శుక్లం ముసిరిన కన్ను, తడి గచ్చు, అరిగిన ఎముక, అన్నీ కలిసే ఉండొచ్చు. ఫోను తీసి ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరున్న పిల్లతో మాట్లాడి, సాయంత్రం లోపు ఏది ఆపాలో చెప్పించుకుంటానంది. తర్వాత రెండు అట్టలకూ కలిపి రబ్బరుబ్యాండు వేసి, కొంగున ముడివేసుకుంది. నాకు ఈ ఉదయం మొత్తంలో అన్నిటికంటే విలువైన వైద్యం ఇదే అనిపించింది. దీనికి స్కానింగు అక్కర్లేదు, ఎవరో ఒకరు డబ్బా మొత్తం ఒళ్ళో పోసుకుని చదివితే చాలు.

కాసేపాగి మళ్ళీ చూస్తే తేరుకుంది. వాకరు పట్టించారు. ముందు వాకరు, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత మంచికాలు. తలుపు దాకా వెళ్ళి, తిరిగి కమోడు కుర్చీలో కూర్చుంది. పెరట్లో ఉన్నది గొంతుక్కూర్చునే దొడ్డి, అందులో ఇక ఆమె కూర్చోకూడదు. నేల మీద కూర్చుని అన్నం తినకూడదు. జీవితమంతా నేల మీదే గడిపిన మనిషికి ఇవి చిన్న మార్పులు కావు. నలుగురూ తిరిగే గదిలో దొడ్డికి కూర్చోవడం ఆమెకు చావుకంటే ఎక్కువ. కోడలు పాత చీర ఒకటి తాడుకు కట్టి తెర వేసింది. ఏ నర్సింగు పుస్తకంలోనైనా రోగి మర్యాద గురించి పాఠం ఉంటుంది. ఇక్కడ ఆ పాఠం పూలచీర రూపంలో వేలాడుతోంది.

తర్వాత రాగిజావ, పక్కన మెత్తగా ఉడికించిన కోడిగుడ్డు. రాగుల్లో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల సున్నం ఉంటుంది, మనవాళ్ళ సంగటి ఎముకకు మంచిదే. కండకు మాత్రం అది ఒక్కటే చాలదు, గుడ్డో పప్పో పాలో పడాలి. పళ్ళు లేవని జావతోనే సరిపెడితే కండ కరిగి, మనిషి మళ్ళీ పడుతుంది.

కడుపు నిండాక పెద్దావిడకు మాటలొచ్చాయి. కొడుకు పుట్టెంట్రుకలకు అలిపిరి మెట్లు పిల్లాణ్ణి చంకనేసుకునే ఎక్కిందట, ఎక్కడా దించలేదట. మొత్తం 3,550 మెట్లు. కోడలు నవ్వి, "దినామూ ఇదే చెప్తాది" అంది. చెప్పనివ్వండి. ముసలివాళ్ళు గతాన్ని తవ్వుకోవడం మతిపోవడం కాదు, బతుకును సరిచూసుకోవడం అని రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ వైద్యుడు 1963లోనే రాశాడు. ఇక్కడ ఇంకో లాభం కూడా ఉంది. "మళ్ళీ కొండ చూడాల" అన్న కోరికే ఆమెను వాకరు పట్టిస్తోంది. సిస్టరమ్మకు అది తెలుసు. "ఈరోజు తలుపుదాకా వచ్చినావు, రేపు వాకిట్లోకి. ఎన్ని మెట్లన్నావు పెద్దమ్మా?" అంటూ మళ్ళీ చెప్పిస్తుంది.

సిస్టరమ్మ లేచి పక్కవీధికి బయల్దేరింది. అక్కడ పక్షవాతం వచ్చిన పెద్దాయన ముక్కులో గొట్టంతో ఉన్నాడు. ఈమె లేని ఊళ్ళ సంగతేమిటి? వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్రం 2010–11లో ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. జిల్లా ఆసుపత్రిలో పెద్దలకు పది పడకల వార్డు ఉండాలని, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు సబ్‌సెంటరు సిబ్బంది వెళ్ళాలని, ఇంట్లో చూసుకునేవాళ్ళకు పని నేర్పాలని అందులో రాసే ఉంది. వార్డు సంగతి ఎలా ఉన్నా, ఈ ఇంటికి పని నేర్పింది రిటైరైన ఒక నర్సు, అదీ ఊరిమీద మమకారంతో. తిరుపతిలో నర్సింగు కాలేజీలకు కొదవలేదు. అక్కడ చదివే పిల్లల్ని వారానికో పూట ఇలాంటి ఇళ్ళకు పంపితే వాళ్ళకు చదువు వస్తుంది, కోడళ్ళకు నడుం మిగులుతుంది.

అది జరిగేలోగా మీ చేతిలో ఉన్నది ఒకటి చెబుతాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళను డిశ్చార్జి చేసే రోజున కాగితం తీసుకుని కారెక్కెయ్యకండి. వార్డు సిస్టరును బతిమాలైనా సరే, పక్కకు తిప్పడం, లేపి కూర్చోబెట్టడం, వాకరు పట్టించడం ఆమె ఎదుట మీ చేత చేయించమనండి. పాత మందుల డబ్బా కూడా వెంట తీసుకెళ్ళి, ఏవి ఉంచాలో ఏవి పారెయ్యాలో అట్ట అట్టకూ అడగండి.