యూనిక్సు చేపొత్తము - దాని దిద్దుబాటు

బాల్యమున గురువుగారి యొద్ద తాళపత్రములకు ప్రతులు వ్రాయుచుంటిని. మూలము కదలదు, వ్రాయువాని చేయి జాఱును. కావున ప్రతిని మూలముతో పోల్చి దిద్దుటయే పండితుని పని యని నేర్చితిని. ఇందుకు విపరీతమైన గ్రంథచరిత్ర నొకదానిని నేడు విన్నవింతును. అచ్చట ప్రతి నిలిచియుండును, మూలమే పరుగెత్తును.

కంప్యూటరునందలి పనులన్నింటికి యంత్రబలమును, చోటును పంచిపెట్టు ప్రోగ్రామునకు ఆపరేటింగు సిస్టమని పేరు. చెఱువు క్రింది పొలములకు నీరు పంచు నీరుగంటి వంటిది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, బెల్ ప్రయోగశాలయందు, కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచ్చీ యనువారు 1969లో ఆరంభించిన యూనిక్సు అట్టిది. దానిని వాడు విధమును తెలుపు చేపొత్తము 1971 నవంబరు 3వ తేదీతో వెలువడెను.

దాని పీఠిక చదివి విస్మయము నొందితిని. ప్రోగ్రాము ఎట్లుండవలయునో అట్లు గాక, వ్రాయునాటికి ఎట్లున్నదో అట్లే వర్ణించితిమనియు, అందువలన పెక్కు భాగములు త్వరలోనే పాతబడుననియు కర్తలే యొప్పుకొనిరి. కడపటి భాగములు వ్రాయుచుండగనే తొలి భాగములను దిద్దవలసివచ్చెనట! మన కవులలో తప్పులున్న మన్నింపుడని వేడువారు పెక్కురు. రేపు తప్పు పుట్టునని నేడే చెప్పువా రరుదు.

వారి యేర్పాటును వినుడు. ఒక్కొక్క ప్రోగ్రామునకు వేఱు పుట. పుటపై తేది. సందేహము కలిగిన నెవరి నడుగవలయునో వారి పేరు. కర్త యెవరైనను, కడపట చేయి పెట్టినవాడే బాధ్యుడని నియమము. ఇంకను 'బగ్సు' అను శీర్షిక యొకటి, అనగా దోషములు. తమ పనిముట్టు లోపమును తామే యచ్చట చాటిరి. పుటలను విడివిడిగా తఱచు మార్చుచుండవచ్చునని మొదట తలచిరి. ఆ యాస వ్యర్థమైనదని తరువాతి ముద్రణలో తామే వ్రాసికొనిరి. 1979 జనవరి నాటికి ఏడవ ముద్రణము వచ్చెను.

తేది విలువ నాకు కష్టముమీద తెలిసెను. ఉద్యోగమున నుండగా ఒక యేడు పిల్లల మార్కుల పట్టికను కంప్యూటరున నుంచితిని. ఉన్న పట్టికపై మఱియొకటి నకలు చేయబోయినచో యంత్రము ముందుగా అడుగునని ప్రక్కనున్న పుస్తకము చెప్పెను. యంత్రము అడుగలేదు, పట్టిక పోయెను. మూడు రాత్రులు కూర్చుండి మరల వ్రాసితిని. ఆ పుస్తకము పాత సిస్టమునకు చెందినదట. అట్టమీద గాని లోపల గాని తేది లేదు.

లైనక్సు అను మఱియొక సిస్టము 1991లో పుట్టెను. దానికిని ఇట్టి పుటలే కలవు. మైకేల్ కెర్రిస్క్ అనువారు 2004 మొదలు పదియేండ్లకు పైగా వానిని దిద్దుచు వచ్చిరి. దోషము కానవచ్చినవా రెవ్వరైనను వ్రాసి పంపవచ్చును. అయితే పుటకును ప్రోగ్రామునకును పొత్తు కుదరనపుడు తప్పు ఎల్లప్పుడును పుటది కాదు. ఆయన వర్ణింపబోయి, ప్రోగ్రాము నడకలోనే వక్రత కనుగొని, వ్రాసినవారికి తెలుపగా, వారు ప్రోగ్రామునే సవరించిన సందర్భములు కలవు. వ్యాఖ్యాత మాట విని మూలకర్త తన శ్లోకమును దిద్దుకొన్నట్లు!