గుమ్మాన్ని తట్టి వింటే

పాత మండువా ఇల్లు బేరానికి వచ్చినప్పుడు కొనేవాళ్ల కళ్లు సింహద్వారం మీది లతల దగ్గర, చిలకల దగ్గర ఆగిపోతాయి. వెంట వచ్చిన వడ్రంగి మాత్రం వంగి, గడప పక్కన ద్వారబంధాన్ని సుత్తి పిడితో తట్టి వింటాడు. ఖంగుమంటే చేవ. బోలుగా పలికితే లోపల చెదో పుచ్చో ఉన్నట్టే. ఉలి దింపితే అనుమానం తీరుతుంది గానీ ద్వారబంధం పాడవుతుంది.

ఈ తట్టే విద్య వైద్యంలోకీ వెళ్లింది. ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో సత్రం నడిపే ఆయన కొడుకు లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగర్ వియన్నాలో వైద్యుడయ్యాడు. పీపాలో ద్రాక్షసారా ఎంతవరకు ఉందో తట్టి చెప్పడం చిన్నప్పుడు చూశాడంటారు. రోగుల ఛాతీని అలాగే తట్టి, విన్నదంతా 1761లో పుస్తకంగా వేశాడు. తోటి వైద్యులు పెద్దగా పట్టించుకోలేదు. 1808లో నెపోలియన్ వైద్యుడు కోర్విజార్ ఫ్రెంచిలోకి తెచ్చాక గానీ దానికి గుర్తింపు రాలేదు. రైలు చక్రాల పగుళ్లు పట్టిందీ సుత్తీ చెవే.

చెవితో ఒకటే చిక్కు. ఒకరు విన్నది ఇంకొకరికి కాగితం మీద చూపలేరు. ఆ పని యంత్రాలకు పడింది. కలపను పాడుచేయకుండా పరీక్షించడం మీద 1963లో అమెరికాలోని మాడిసన్‌లో శాస్త్రవేత్తల సదస్సు జరిగింది. సూత్రం వడ్రంగిదే: ఒకవైపు తట్టి, ఆ అల అవతలి వైపుకు ఎంతసేపట్లో చేరిందో కొలవడం. గట్టి కలపలో నార వెంట ధ్వని సెకనుకు సుమారు 4,000 నుంచి 5,000 మీటర్లు పోతుంది. అడ్డంగా అందులో మూడోవంతో నాలుగోవంతో. మధ్యలో పుచ్చుంటే అల చుట్టూ తిరిగి ఆలస్యంగా చేరుతుంది. 1980ల్లో జర్మనీలో సన్నటి సూది దింపి, అది ఎక్కడ సులువుగా దిగిందో గీత గీసే పరికరం వచ్చింది. దాని రంధ్రం మూడు మిల్లీమీటర్లే అయినా, అది గాయం కాదనలేం.

ఏ పరికరమైనా ఎక్కడ పెట్టాలో తెలియాలి. ద్వారబంధం చెడేది తరచుగా పాదం దగ్గర. నేలను తాకే కొనలో నారల చివర్లు తెరుచుకుని ఉంటాయి, తడిని పైకి పీలుస్తాయి. కలపలో తేమ 20 శాతం దాటి నిలిచిపోతే బూజుకు పండగే. గడప కడిగి పసుపు రాయడం మన ఆచారం. ఆ నీళ్లు ఆరకుండా మూలల్లో నిలిస్తే పసుపు కాపాడదు. అందుకే అనుభవమున్నవాడు పాదం నుంచి మొదలుపెట్టి జానెడుకోసారి పైకి తడుతూ పోతాడు. శబ్దం మారిన చోట సుద్దతో గీత పెట్టి, పుచ్చు అంతవరకే అయితే కింది ముక్క మాత్రం కోసి కొత్త టేకు అతుకుతాడు. లతలూ చిలకలూ ఉన్న పైభాగం జోలికి పోడు.