ఎంపిక మండలి ముందు: సుదీర్ఘ ముఖాముఖికి ఒక చరిత్ర

సింగపూర్ వాయవ్య భాగంలో చోవా చూ కాంగ్‌ను ఆనుకొని ఉన్న నివాస ప్రాంతం యూ టీ. తియోచ్యూ మాండలికంలో ఆ పేరుకు ‘నూనె చెరువు’ అని అర్థం. 1942–45 మధ్య జపాన్ ఆక్రమణ కాలంలో సైన్యం ఇక్కడ చమురు నిల్వ చేసేదని, పేరు అందువల్లే వచ్చిందని చెబుతారు. అప్పటి పల్లె ఇప్పుడు లేదు. దాని స్థానంలో ప్రభుత్వ గృహసముదాయాలు లేచాయి. 1996లో మెట్రో స్టేషను వచ్చింది. 2015 నుంచి ఈ ప్రాంతం మార్సిలింగ్–యూ టీ నియోజకవర్గంలో భాగం. 2024 మే నెలలో దేశ నాలుగవ ప్రధాని అయిన లారెన్స్ వాంగ్ ఈ నియోజకవర్గ ప్రతినిధులలో ఒకరు.

ఇటువంటి పేటలలో ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉంటున్న విదేశీ కుటుంబాలకు ఉద్యోగపు ముఖాముఖి జీతానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఉద్యోగం పోయి పాస్ రద్దయితే, దేశంలో ఉండడానికి సాధారణంగా దొరికే గడువు 30 రోజులు. పిల్లల బడి, ఇంటి అద్దె ఒప్పందం, ఊళ్ళో తల్లిదండ్రులకు పంపే డబ్బు అన్నీ ఆ గడువులోనే తేలాలి. ఆ స్థితిలో ఐదారుగురు పరీక్షకుల ముందు ఒక పూటంతా కూర్చోవలసిన మనిషి వేసుకునే మొదటి ప్రశ్న: దీనికి ఎలా సిద్ధం కావాలి? ఈ ప్రశ్నకు నూట డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది. మండలి ఏది వెతికితే అభ్యర్థులు దానిని నేర్చుకుంటూ వచ్చారు. నేర్చుకొని నటించడానికి వీలుకానిది ఏమిటని మండళ్ళు వెతుకుతూ వచ్చాయి.

ఇండియన్ సివిల్ సర్వీసుకు సిఫారసుల స్థానంలో పోటీ పరీక్ష ఉండాలని మెకాలే అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1854లో సూచించింది. మరుసటి సంవత్సరమే తొలి పరీక్ష జరిగింది. కొద్దికాలానికే లండన్‌లో వాల్టర్ రెన్ నడిపినటువంటి శిక్షణాలయాలు వెలిశాయి. బట్టీ పట్టినవాడికి, ఆలోచించగలవాడికి తేడా కాగితం మీద తెలియడం లేదన్న ఫిర్యాదు బలపడింది. 1917లో లీథ్స్ సంఘం ఉన్నత సివిల్ సర్వీసు పరీక్షకు 300 మార్కుల మౌఖిక పరీక్షను సూచించింది. అందులో చూడవలసింది విషయ పరిజ్ఞానాన్ని కాదు, బుద్ధి చురుకుదనాన్ని. అయితే బుద్ధి చురుకుదనం ఏ యాసలో మాట్లాడుతుంది, ఏ బడిలో చదివి వస్తుంది అన్న అంచనాలు పరీక్షకుల మనసులో ముందే ఉండేవి.

నలుగురు కలిసి చూస్తే తీర్పు నిలకడగా ఉంటుందన్న నమ్మకం కూడా అప్పటికే ప్రశ్నకు గురయింది. 1915 ప్రాంతంలో అమెరికన్ మనోవిజ్ఞాని వాల్టర్ డిల్ స్కాట్, అమ్మకాల ఉద్యోగానికి వచ్చిన 36 మంది అభ్యర్థులను ఆరుగురు నిర్వాహకుల చేత విడివిడిగా పరీక్షింపజేశాడు. వారిలో 28 మంది పై సగంలో ఉండాలా, కింది సగంలో ఉండాలా అన్న విషయంలోనే ఆ ఆరుగురికీ పొత్తు కుదరలేదు.

యూ టీకి పేరు తెచ్చిందని చెప్పే ఆ 1942వ సంవత్సరమే ఈ చరిత్రలోనూ ఒక మలుపు. ఆ ఫిబ్రవరిలో సింగపూర్ పతనమై వేలాది భారతీయ సైనికులు బందీలయ్యారు. యుద్ధం ముదిరే కొద్దీ బ్రిటిష్ సైన్యానికి అధికారుల కొరత పెరిగింది. కొద్ది నిమిషాల మాటలతో ఎంపికైనవారిలో చాలామంది శిక్షణలో తప్పిపోతున్నారు. అందుకని అదే సంవత్సరం యుద్ధశాఖ ఎంపిక మండళ్ళు ప్రారంభమయ్యాయి. అభ్యర్థులను దాదాపు మూడు రోజులు ఒకచోట ఉంచి సైనికాధికారులు, మనోవైద్యులు, మనోవిజ్ఞానులు కలిసి పరిశీలించేవారు. వైద్యుడైన విల్‌ఫ్రెడ్ బియాన్ రూపొందించిన పద్ధతిలో ఒక బృందానికి పని అప్పగించేవారు గాని నాయకుణ్ణి నియమించేవారు కారు. తానొక్కడే మెరవాలనుకునేవాడు, తోటివారిని నిలబెట్టేవాడు ఎవరన్నది ఆ పనిలోనే బయటపడేది.

1943లో ఈ పద్ధతి దెహ్రాదూన్‌కు వచ్చింది. నేటి సర్వీసెస్ సెలక్షన్ బోర్డుల ఐదు రోజుల పరీక్షకు మూలం అదే. అక్కడ మనోవిజ్ఞాని, బృంద పరీక్షల అధికారి, ముఖాముఖి అధికారి ఒకే అభ్యర్థిని వేర్వేరుగా అంచనా వేస్తారు. చివరి సమావేశం దాకా ఒకరి అభిప్రాయం మరొకరికి తెలియదు. ఈ మూడు చూపులను ‘మనసా, వాచా, కర్మణా’ అన్న మాటతో వివరించడం పరిపాటి. రాసినది, చెప్పినది, చేసినది ఒకదానితో ఒకటి పొసగాలి. ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క వేషం కట్టినవాడు దొరికిపోయేది ఆ పోలికలోనే.

సింగపూర్‌లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ 1951లో, వలస పాలనలోనే ఏర్పడింది. స్వాతంత్ర్యానంతరం అది ప్రభుత్వ విద్యార్థివేతనాలకు చదువరులను ఎంచే ప్రధాన ద్వారమయింది. లారెన్స్ వాంగ్ కూడా ఆ కమిషన్ విద్యార్థివేతనంతోనే అమెరికాలోని విస్కాన్సిన్–మాడిసన్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చదివారు. 1983లో ప్రభుత్వం తన అధికారుల అంచనాకు షెల్ చమురు సంస్థ పద్ధతిని స్వీకరించింది. విశ్లేషణ శక్తి, ఊహాశక్తి, వాస్తవ దృష్టి కలిస్తే వచ్చేదాన్ని ఆ సంస్థ ‘హెలికాప్టర్ గుణం’ అనేది: పైనుంచి మొత్తాన్ని చూడగలగడం, అవసరమైనచోట కిందికి దిగి వివరాన్ని పట్టుకోగలగడం.

అధికార పక్షం తన అభ్యర్థులను కూడా ఇలాగే వడపోసింది. ముందు తేనీటి సమావేశాలు, ఆ తరువాత మండలి ముందు ముఖాముఖి. 1970లో అపోలో 13 వ్యోమగాములు ప్రమాదంలో చూపిన నిబ్బరం, వారిని ఎంపిక చేసిన మానసిక పరీక్షలు తనను ఆకట్టుకున్నాయని లీ క్వాన్ యూ తన జ్ఞాపకాలలో రాశారు. మంత్రులు కాగలవారికి ఒకటిన్నర రోజులపాటు వెయ్యికి పైగా ప్రశ్నలతో పరీక్షలు జరిగేవని కూడా అందులో ఉంది. ఈ వడపోత సమర్థులను తెచ్చిందనేవారూ, ఒకే మూసలోని వారిని తెచ్చిందనేవారూ సింగపూర్‌లో ఉన్నారు. వెదికేవాడు ముందే గీసుకున్న రూపురేఖలకు సరిపోయేవాడే దొరుకుతాడన్న రెండవ విమర్శ ఆనాటి ఐ.సి.ఎస్. మండలికీ వర్తిస్తుంది.

మండలిని సరిదిద్దే ప్రయత్నాలలో 1950ల నడుమ ఇజ్రాయెల్ సైన్యంలో జరిగినది ముఖ్యమైనది. ఇరవై రెండేళ్ళయినా నిండని డేనియల్ కానమన్ అక్కడి ముఖాముఖి పద్ధతిని మార్చాడు. ఆరు లక్షణాలు నిర్ణయించి, ఒక్కొక్కదానికి అభ్యర్థి గత జీవితంలోని వాస్తవాలనే అడిగి, దానికి మార్కు వేసిన తరువాతే రెండవదానికి వెళ్ళాలన్నాడు. తమను యంత్రాలుగా మారుస్తున్నారని పరీక్షకులు మండిపడ్డారు. అన్నీ పూర్తయ్యాక కళ్ళు మూసుకొని ఆ సైనికుణ్ణి ఊహించుకొని ఒక మార్కు వేయమని కానమన్ వారికి అవకాశం ఇచ్చాడు. కొత్త పద్ధతి పాతదానికంటే చాలా మెరుగ్గా పనిచేసింది. ఆ చివరి మార్కు కూడా ఆరింటి మొత్తంతో సమానంగా పనికివచ్చింది. క్రమం తప్పకుండా విన్న తరువాత కలిగే అంతర్దృష్టికి విలువ ఉందని అది చూపింది.

అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే నిర్ణయించిన కొలతతో మార్కులు వేసే ముఖాముఖికి, తరువాతి పని తీరుకు మధ్య సహసంబంధాన్ని సాకెట్ బృందం 2022లో 0.42గా లెక్కగట్టింది. వారు పోల్చిన ఎంపిక పద్ధతులలో అదే అగ్రస్థానం. అయితే 0.42ను వర్గం చేస్తే సుమారు 0.18 వస్తుంది. అంటే ఉత్తమమైన పద్ధతి కూడా పని తీరులోని వ్యత్యాసాలలో ఐదింట నాలుగు వంతులకు పైగా చెప్పలేకపోతున్నది. తిరస్కారాన్ని తమ యోగ్యత మీద తుదితీర్పుగా భావించి కుంగిపోయేవారు గుర్తుంచుకోదగిన అంకె ఇది.

వైద్యవిద్యలో ఈ ఆలోచన మరో రూపం తీసుకుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం ఒక పెద్ద ముఖాముఖిని పది చిన్నవాటిగా విడగొట్టింది. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క పరీక్షకుడు, ఒక్కొక్క సమస్య, ఎనిమిది నిమిషాలు. యూ టీకి నైరుతి దిక్కున జురాంగ్‌లో ప్రధాన ఆవరణ ఉన్న నాన్యాంగ్ విశ్వవిద్యాలయపు లీ కాంగ్ చియాన్ వైద్య కళాశాల ప్రవేశాలకు ఈ పద్ధతినే వాడుతున్నది. మూడవ గదిలో తడబడినవాడి సంగతి నాలుగవ గదిలోని పరీక్షకుడికి తెలియదు. తెలిసినది అభ్యర్థికి మాత్రమే. దానిని వెంట మోసుకుపోకుండా ఉండడమే అక్కడ అలవరచుకోవలసిన విద్య.

సిద్ధపాటు ఏమిటన్నది ఇంతవరకు చూసిన చరిత్రలోనే ఉంది. పరీక్షకులు విడివిడిగా చూసి చివర పోల్చుకునేచోట అలంకరించిన జవాబులు నిలవవు. నిలిచేవి తాను చేసిన పనులు: ఏ చిక్కు వచ్చింది, తన వంతు ఎంత, ఇతరుల వంతు ఎంత, ఏ నిర్ణయం తప్పింది, దానిని ఎలా దిద్దుకున్నారు. అటువంటి అరడజను సంఘటనలను తేదీలతో, ఫలితాలతో ముందుగా రాసుకున్నవారికి ప్రశ్న ఏ దిక్కునుంచి వచ్చినా చెప్పవలసిన సంగతి ఉంటుంది. అదే సంగతిని ఐదవసారి చెప్పవలసి వచ్చినా ఎదుటివారికి అది మొదటిసారే. అలసటతో కుదించి చెబితే నష్టపోయేది అభ్యర్థే. కనుక ముందురాత్రి నిద్ర, నడుమ తిండి, నీరు కూడా సిద్ధపాటులో భాగాలే.

అయితే సిద్ధపడవలసింది అభ్యర్థి ఒక్కడేనా? 1980 నవంబరులో అజయ్ హసియా కేసులో భారత సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది శ్రీనగర్ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాల వ్యవహారం. మొత్తం 150 మార్కులలో 50 మౌఖికానికి కేటాయించి, ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలు మాత్రమే మాట్లాడారు. మౌఖికానికి 15 శాతం మించి మార్కులు ఉంచడం ఏకపక్షమని న్యాయస్థానం చెప్పింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం గ్రూప్–1 ఉద్యోగాలకు ముఖాముఖినే తొలగించింది. పక్షపాతానికి తావు లేకపోవడం దీనివల్ల లాభం. బట్టీకి, ఆలోచనకు తేడా ఎలా తెలుస్తుందన్న పంతొమ్మిదవ శతాబ్దపు ప్రశ్న మళ్ళీ మిగలడం నష్టం. ఆ ప్రశ్నకు యుద్ధకాలపు మండళ్ళు, కానమన్, మెక్‌మాస్టర్ ఇచ్చిన సమాధానం ఒక్కటే. ఏమి అడగాలో, ఎలా కొలవాలో మండలి ముందుగా నిర్ణయించుకొని రావాలి. పక్కవారి మాట వినకముందే తన మార్కు వేయాలి. అంత కష్టపడి వచ్చిన మండలి ఎదుట కూర్చున్నప్పుడే అభ్యర్థి పడిన శ్రమకు అర్థం ఉంటుంది.