హోటల్ బిల్లులో సర్వీస్ ఛార్జీ ఐచ్ఛికమే. సర్వర్‌కు ఇచ్చే టిప్పు వేరు

హోటళ్లు, రెస్టారెంట్లు భోజనపు వెలకు అదనంగా బిల్లులో చేర్చే సర్వీస్ ఛార్జీ ప్రభుత్వ పన్ను కాదు. దానిని చెల్లించడం, చెల్లించకపోవడం పూర్తిగా వినియోగదారుని ఇష్టంపై ఆధారపడిన విషయం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అనగా సి.సి.పి.ఎ., 2022 జూలై 4న జారీ చేసిన మార్గదర్శకాలు ఈ సంగతిని స్పష్టం చేయగా, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థిస్తూ తీర్పు వెలువరించింది. వైద్యం, చదువులు, ఉద్యోగాల నిమిత్తం హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాలకు తరచుగా వెళ్లివచ్చే కర్నూలు, కడప ప్రాంతాల కుటుంబాలకు ఈ నిబంధన తెలిసి ఉండటం ఎంతైనా అవసరం. అయితే సర్వీస్ ఛార్జీ చెల్లించనవసరం లేదన్న మాట వేరు, వడ్డించిన మనిషిని మరచిపోవచ్చునన్న మాట వేరు.

కర్నూలు, కడప పట్టణాలలోని సంప్రదాయ మెస్సులలో ఈ సమస్య అంతగా కానరాదు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, జొన్న రొట్టె, ఉగ్గాని బజ్జి, కారం దోశ ధరలు గోడ మీది బోర్డుపై రాసి ఉంటాయి. తిన్నదానికి గల్లాపెట్టె వద్ద లెక్క కట్టి చెల్లించడం, లేదా సర్వర్ సోంపు పళ్లెంలో తెచ్చిన చిల్లరలో కొంత వదిలి లేవడం ఇక్కడి వాడుక. ఆ వదిలిన చిల్లరను పాతతరం వారు ఇనాము అనేవారు. సీమలో ఇదే మాట భూమికి కూడా వర్తించేది; కొలువుకో, దేవుని సేవకో గుర్తింపుగా పన్ను మినహాయించి ఇచ్చిన మాన్యాలను ఇనాము భూములనేవారు. ఇచ్చేవారి ఇష్టం మీద వచ్చేది ఇనాము, పుచ్చుకునేవారు హక్కుగా అడిగేది మామూలు. సర్వీస్ ఛార్జీ వివాదమంతా ఒక విధంగా ఇనాము మామూలుగా మారడం వద్దనే మొదలైనదని చెప్పవచ్చు. 1866 నాటి కరువులో ఉయ్యాలవాడ వాసి బుడ్డా వెంగళరెడ్డి వేలాది మందికి అన్నం పెట్టి ఆదుకున్న ప్రాంతమిది. పెట్టే అన్నానికి లెక్క చూడని పెద్దలు తిరిగిన చోట, వడ్డనకు విడిగా వెల వేయడం వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

బిల్లులో ఏది పన్ను, ఏది కాదు అన్న విషయంలోనే పలువురు పొరబడుతున్నారు. 2011లో మద్యం లైసెన్సు గల ఎ.సి. రెస్టారెంట్లపై కేంద్ర ప్రభుత్వం సేవా పన్ను విధించింది. 2013 ఏప్రిల్ 1 నుండి ఎ.సి. గల అన్ని రెస్టారెంట్లకు దానిని వర్తింపజేసింది. సర్వీస్ టాక్స్, సర్వీస్ ఛార్జీ అన్న రెండు మాటలు ఒకే బిల్లులో ఒకదాని క్రింద ఒకటి అచ్చయిన ఆ సంవత్సరాలలో రెండూ సర్కారుకే చేరుతాయని భావించి చెల్లించినవారు ఎందరో. 2017 జూలై 1న వస్తు, సేవల పన్ను అమలులోకి రావడంతో సర్వీస్ టాక్స్ రద్దయింది, సర్వీస్ ఛార్జీ మాత్రం మిగిలిపోయింది. సాధారణ రెస్టారెంట్లలో భోజనంపై 2017 నవంబరు 15 నుండి జి.ఎస్.టి. 5 శాతంగా ఉన్నది. ఖరీదైన గదులు గల పెద్ద హోటళ్లకు అనుబంధంగా ఉన్న రెస్టారెంట్లలో 18 శాతం ఉంటుంది. కాంపోజిషన్ పథకంలో చేరిన చిన్న హోటళ్లు తమ అమ్మకాలపై తామే పన్ను కట్టుకోవాలి తప్ప వినియోగదారుని వద్ద విడిగా వసూలు చేయరాదు.

ఉదాహరణకు ఒక కుటుంబం రూ. 1,000 విలువైన భోజనం చేసినదనుకుంటే, 5 శాతం జి.ఎస్.టి.తో బిల్లు రూ. 1,050 కావాలి. యాజమాన్యం 10 శాతం సర్వీస్ ఛార్జీ కలిపి, ఆ మొత్తంపై పన్ను లెక్కిస్తే బిల్లు రూ. 1,155 అవుతుంది. అదనంగా పోయినది రూ. 105, అందులో 5 రూపాయలు, చెల్లించనవసరం లేని ఛార్జీపై కట్టిన పన్ను. సర్వీస్ ఛార్జీని భోజనపు బిల్లులో కలిపి మొత్తంపై జి.ఎస్.టి. వేయరాదని మార్గదర్శకాలు నిషేధించడానికి కారణం ఇదే.

ఈ మార్గదర్శకాలకు పూర్వరంగం ఉన్నది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2017 ఏప్రిల్‌లోనే సర్వీస్ ఛార్జీ స్వచ్ఛందమని సూచించినప్పటికీ ఆచరణలో మార్పు రాలేదు. దరిమిలా వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద ఏర్పడిన సి.సి.పి.ఎ. మరింత కచ్చితమైన నిబంధనలు విధించింది. వాటి ప్రకారం ఏ హోటలూ సర్వీస్ ఛార్జీని దానంతట అదే బిల్లులో చేర్చరాదు. వేరొక పేరు పెట్టి వసూలు చేయరాదు. చెల్లించాలని ఒత్తిడి చేయరాదు. చెల్లించమన్నవారికి ప్రవేశం గాని సేవ గాని నిరాకరించరాదు. అది ఐచ్ఛికమన్న సంగతిని యాజమాన్యమే వినియోగదారునికి తెలియజేయాలి.

హోటళ్ల, రెస్టారెంట్ల జాతీయ సంఘాలు హైకోర్టును ఆశ్రయించగా 2022 జూలై 20న స్టే లభించింది. వారి వాదనను కొట్టిపారేయనక్కరలేదు. వడ్డించే సర్వర్‌కు టిప్పు అందుతుంది గాని వంటగదిలోని మాస్టర్‌కు, గిన్నెలు తోమేవారికి, ఊడ్చేవారికి ఏమీ అందదని, సర్వీస్ ఛార్జీ అయితే అందరికీ పంచే వీలుంటుందని వారు చెప్పారు. అయినను సిబ్బందికి మేలు చేయడానికి యాజమాన్యానికి వేరే మార్గాలు లేకపోలేదు. వంటకాల ధరలోనే ఆ ఖర్చును కలిపి మెనూలో చూపవచ్చు, అది చూసి వినియోగదారుడు తినాలో వద్దో నిర్ణయించుకుంటాడు. తిన్న తరువాత కొత్త పద్దు చూపడమే అభ్యంతరకరం. 2025 మార్చి తీర్పు ఆ పిటిషన్లను కొట్టివేస్తూ, బలవంతపు వసూలు వినియోగదారుల హక్కులకు భంగకరమని పేర్కొన్నది. ఒక్కొక్క సంఘానికి లక్ష రూపాయల ఖర్చులు విధించింది. సంఘాలు డివిజన్ బెంచ్‌కు అప్పీలు చేశాయి. హోటళ్లలో మంచినీటి సీసాను ఎం.ఆర్.పి. కన్నా ఎక్కువకు అమ్మవచ్చునని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తీర్పు ఇచ్చి ఉన్నది. అలా సేవను కలిపే ధర తీసుకుంటూ మళ్లీ సర్వీస్ ఛార్జీ ఎందుకని 2025 ఆగస్టులో డివిజన్ బెంచ్ హోటళ్ల తరఫు వారిని ప్రశ్నించింది.

టిప్పు విషయానికి వస్తే, అది ఎవరి సొత్తు అన్నది ముఖ్యం. హోటల్ యాజమాన్యం కార్డు ద్వారా వచ్చిన టిప్పులను సిబ్బందికి పంచినప్పుడు ఆ సొమ్ము జీతం క్రిందకు రాదని, యాజమాన్యం దానిని సిబ్బంది తరఫున ధర్మకర్త వలె ఉంచుకున్నట్లేనని సుప్రీంకోర్టు 2016 ఏప్రిల్‌లో ఐ.టి.సి. సంస్థకు సంబంధించిన ఆదాయపు పన్ను వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. టిప్పులు బాగా వస్తాయన్న సాకుతో కనీస వేతనంలో కోత పెట్టే వెసులుబాటు భారత చట్టాలలో లేదు.

ఫోన్ ద్వారా చెల్లింపులు పెరిగిన తరువాత ఇక్కడొక చిక్కు ఏర్పడింది. సోంపు పళ్లెంలోకి చిల్లర తిరిగి రావడమే తగ్గినది. కౌంటర్ వద్ద గల క్యూఆర్ కోడ్‌కు పంపిన సొమ్ము యజమాని ఖాతాలో జమ అవుతుంది. 430 రూపాయల బిల్లుకు 450 పంపి, ఆ 20 రూపాయలు సర్వర్‌కు చేరాయనుకోవడం సరికాదు. ఇవ్వదలచినది చేతికి ఇవ్వడం, లేదా కౌంటర్‌లో ఫలానావారికని చెప్పి ఇప్పించడం మేలు. ఎంత ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు. మెస్సులో పదో ఇరవయ్యో, కుటుంబ సమేతంగా చాలాసేపు కూర్చున్న పెద్ద రెస్టారెంటులో బిల్లులో 5 నుండి 10 శాతమో ఇస్తే గౌరవప్రదంగానే ఉంటుంది. బిల్లులో సర్వీస్ ఛార్జీని ఇష్టపూర్వకంగా చెల్లించినవారు మళ్లీ టిప్పు ఇవ్వనక్కరలేదు. వంటలో లోపానికి సర్వర్‌ను బాధ్యుని చేసి టిప్పు మానుకోవడం, నలుగురిలో నాణేలు బల్లపై విసరడం మర్యాద అనిపించుకోవు. టిప్పు సేవ అందిన పిమ్మట ఇచ్చేదే. ముందుగానే టిప్పు కోరిన ఉబర్ సంస్థకు సి.సి.పి.ఎ. 2025 మే నెలలో నోటీసు ఇచ్చింది.

బల్ల తుడిచి, ఎంగిలి ప్లేట్లు తీసేది 14 ఏళ్లలోపు బాలుడైన పక్షంలో మాత్రం టిప్పు అందుకు పరిష్కారం కాదు. హోటళ్లు, దాబాలలో అట్టి పిల్లలను పనికి పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుండి నిషేధించారు. జాతీయ రహదారి దాబాలలో వర్షాభావ సంవత్సరాలలో బడి మాని వచ్చిన పిల్లలు కంటబడితే వారి చేతిలో పది రూపాయలు పెట్టి సంతృప్తి చెందరాదు. అది ఆ బిడ్డను రేపు కూడా అక్కడే నిలుపుతుంది. 1098 నంబరుకు తెలియజేసినచో సంబంధిత అధికారులు చర్య తీసుకుంటారు.

అమెరికాలో స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్లే తల్లిదండ్రులకు అక్కడి పద్ధతి విడ్డూరంగా కనిపిస్తుంది. టిప్పులు పొందే సిబ్బందికి ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని చెల్లించవలసిన కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు మాత్రమే. 1991 నుండి అది మారలేదు. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ వేతనం నిర్ణయించినప్పటికీ, అక్కడ 15 నుండి 20 శాతం టిప్పు ఇంచుమించు విధిగా భావిస్తారు. జపాన్‌లో అసలు టిప్పు ఇచ్చే అలవాటే లేదు.

సర్వీస్ ఛార్జీ కనబడిన బిల్లు చేతికి వచ్చినప్పుడు ముందుగా దానిని తొలగించమని మేనేజరును కోరాలి. కొన్ని బిల్లులలో ఇది సంక్షిప్తాక్షరాలతోనో, సిబ్బంది సంక్షేమం వంటి పేర్లతోనో ఉండవచ్చును గనుక ప్రతి పద్దునూ చదవాలి. నిరాకరించిన పక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. విచారణ కోరుతూ సంబంధిత జిల్లా కలెక్టరుకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చుకోవచ్చు. పరిహారం కోరదలచినవారు కర్నూలు, కడపలలోని జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్లను నేరుగా గాని ఆన్‌లైన్‌లో గాని ఆశ్రయించవచ్చు. వేరే నగరంలో చెల్లించిన బిల్లుపై కూడా ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు దాఖలు చేసే వీలును 2019 చట్టం కల్పించింది. రూ. 5 లక్షలకు మించని కేసులకు రుసుము లేదు. సంఘటన జరిగిన 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయాలి. ఇందుకు బిల్లు, చెల్లింపు రసీదు భద్రపరచుకోవాలి. యంత్రం ముద్రించే బిల్లులలో అక్షరాలు కొద్ది నెలలకే వెలిసిపోతాయి గనుక అదే రోజున ఫోటో తీసి ఉంచుకోవడం మంచిది.