లేవిడి తుపాకీ ఎవరి ఆస్తిని కాపాడింది?

ఆస్తి రక్షణకు తుపాకీ పట్టడం హక్కనేవారు, ఆ ఆస్తి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1878 ఆయుధ చట్టం నాటి నుంచీ మన దగ్గర తుపాకీ హక్కు కాదు, సర్కారు ఇచ్చే అనుమతి. ఏజెన్సీలో గిరిజనుల భూమిని అనుమతి లేకుండా ఇతరులకు బదలాయిస్తే చెల్లదని 1917 చట్టమే చెప్పింది. అయినా అప్పుల కింద పొలాలు షావుకార్ల పాలయ్యాయి. ఆ నేపథ్యంలోనే 1967 అక్టోబరు 31న పార్వతీపురం ప్రాంతంలోని లేవిడి దగ్గర, మొండెంఖల్‌లో జరిగే గిరిజనుల సభకు వెళ్తున్నవారిపై భూస్వాముల పక్షం కాల్పులు జరిపింది. వారిలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు.

పోలీసులు అందని చోట ఆత్మరక్షణ అవసరం కాదా అంటారు. ప్రాణం విషయంలో ఆ వాదన నిలుస్తుంది. చట్టం ముందే ప్రశ్నించిన భూమి విషయంలో నిలవదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలోని భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని, కాదని రుజువయ్యేదాకా భావించాలని 1970 నిబంధన తేల్చింది. ఆ రుజువు భారం ముందే పడివుంటే, తుపాకీకి అంత ధైర్యం వచ్చేది కాదు.