చేతితో నేర్చు శాస్త్రము

మన ఉన్నత పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధనను గూర్చి ప్రసంగము వచ్చినపుడెల్ల పరికరముల కొరతయే మొదట వినవచ్చును. ఈ మాట ఎంతవరకు నిలుచునో తెలిసికొనుటకు మన నగర చరిత్రను ఒకమారు తిరగవేయుట మంచిది.

1897 ఆగస్టు 20వ తేదీన, సికింద్రాబాదు చెంత బేగంపేటలో, రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినిలో పరీక్షించుచుండెను. అది మలేరియా రోగి రక్తమును త్రాగిన దోమ. సూక్ష్మదర్శిని మరలు చెమటచే త్రుప్పుపట్టియుండెను. కంటివైపున మిగిలిన ఒక్క కటకము బీటలు వారియుండెను. కోసిన దోమలు గాలికి ఎగిరిపోవునని ఆయన పంకా సైతము వేయించుకొనలేదు. ఆ స్థితిలోనే దోమ జీర్ణకోశపు గోడలో మలేరియా క్రిమికి చెందిన కణములను కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

శాస్త్రము బడిపిల్లలను చేరుటకు భాష యను వంతెన కావలసివచ్చెను. కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు మొదలగువారు 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, భౌతిక, రసాయన, జీవశాస్త్రములను తెలుగు పుస్తకములలోనికి తెచ్చిరి. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము అవే శాస్త్రములను ఉర్దూలో బోధించెను. ఉర్దూకే ప్రాబల్యముగల ఆ దినములలో, 1928లో, మాడపాటి హనుమంతరావు తెలుగున బోధించు బాలికల పాఠశాలను నెలకొల్పిరి. ఆయన పేర ఆ పాఠశాల నారాయణగూడలో నిలిచియున్నది.

భాష సమకూడిన పిమ్మట పాఠ్యక్రమము మారినది. పదవ తరగతి వరకు అందరు విద్యార్థులకును విజ్ఞానశాస్త్రము, గణితము తప్పనిసరి కావలెనని కొఠారీ సంఘము 1966లో సిఫారసు చేసెను. అంబర్‌పేటకు సమీపముననే, ఉప్పల్ రోడ్డున, 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు, 1977లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును వెలసినవి. అయినను పెక్కు తరగతులలో శాస్త్రము నల్లబల్ల దాటి విద్యార్థి చేతికి రాలేదు. ప్రయోగ విధానమును వ్రాయుమని పరీక్షలో అడుగుదురు. దానిని వ్రాయుటకు ప్రయోగము చేయనక్కరలేదు. కంఠస్థము చేసిన చాలును.

రాస్ విడిచిపోయిన పాఠమును అంబర్‌పేట విద్యార్థి సులభముగా అందుకొనవచ్చును. మూసీ ఒడ్డున నివసించువారికి దోమలను గూర్చి వేరుగ చెప్పవలెనా? రెండు గాజుసీసాలలో నీరు పోసి, కొన్ని ఎండుటాకులు వేసి, ఒకదానిని పలుచని గుడ్డతో గట్టిగా కట్టి, రెండవదానిని తెరచియుంచవలెను. కొన్ని దినములకు తెరచిన సీసాలో లార్వాలు కనిపించును. మూసిన దానిలో కనిపించవు. దోమ నీటి నుండి దానంతట పుట్టదనియు, గ్రుడ్లు పెట్టు తల్లి రావలెననియు బాలుడు తన కన్నులతోనే గ్రహించును. లార్వాలు కనిపించినంతనే ఆ సీసాకును గుడ్డ కట్టవలెను. పిదప భూతద్దముతో చూచినచో, క్యూలెక్స్ లార్వా తోకవైపు గొట్టమును నీటిపైకి చాచి తలక్రిందుగా వ్రేలాడును. మలేరియాను మోయు అనాఫిలిస్ జాతి లార్వా నీటి మట్టమునకు సమాంతరముగా పడియుండును. దినదినము చూచినది తేదీతో వ్రాయవలెను. దోమలు రెక్కలు విప్పకమునుపే నీటిని ఎండలో, పొడినేలపై పారబోయవలెను.

ఈ పనికి ఖర్చు ఏపాటి? రెండు సీసాలు, ఒక గుడ్డముక్క, ఒక భూతద్దము. ఇంతలో విద్యార్థికి కలుగు లాభము మార్కులతో ముగియదు. తన ఇంటి తొట్టిలోని నీటిని వారమునకొకమారు ఎందుకు పారబోయవలెనో తల్లికి చెప్పగలవాడగును; ఇరుగుపొరుగువారు ఎట్లు తెలిసినదని అడిగినచో, తాను వ్రాసికొనిన పుస్తకమును చూపగలవాడగును. పరికరములు మెరుగుపడవలెనని కోరుట న్యాయమే. కాని అవి వచ్చువరకు బాలుర చేతులను ఖాళీగా ఉంచుట న్యాయము కాదు. రాబోవు వర్షాకాలమున మన ఉపాధ్యాయులు ఒక్కొక్క తరగతిలో ఈ రెండు సీసాలనైనను ఉంచుదురని ఆశింతము.